బాణసంచా షోకి సంతకం పెట్టే ముందు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది వార్డు సభ్యులు, కొందరు ఉత్సవ కమిటీల వాళ్లు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. బాణసంచా ప్రదర్శనకు మైదానం ఇవ్వమని కమిటీ అర్జీ పెట్టుకోగానే కౌన్సిల్లో మొదట వినిపించే మాట: "ఏదైనా జరిగితే మన మీదికి వస్తుందా?" వెంటనే ఎవరో లేచి, కాంట్రాక్టర్ చేత హామీ పత్రం రాయించుకుందాం, ఇన్సూరెన్స్ కాగితం తీసుకుందాం, ఇక మనకు సంబంధం ఉండదు అంటారు, తీర్మానం పాసైపోతుంది. నాకు భయం వేసేది అక్కడే.

హామీ పత్రం మీకూ కాంట్రాక్టర్‌కూ మధ్య ఒప్పందం. దెబ్బ తగిలినవాళ్లు దాని మీద సంతకం పెట్టలేదు కదా. వాళ్లు కోర్టుకు వెళ్తే మైదానం ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు, డబ్బు ఎవరు పెట్టారు అని చూసుకుని అందరినీ కేసులో చేరుస్తారు. మీరు కట్టాల్సి వచ్చింది కట్టాక, ఆ పత్రం పట్టుకుని కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి, అతని దగ్గర ఉంటేనే.

1987 జూలై 4న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, పుయాలప్‌లో జరిగింది వినండి. షో మధ్యలో షెల్‌ను, అంటే పైకి పోయి పేలే బాణసంచా ఉండను, వదిలే 5 అంగుళాల గొట్టం ఒకటి పక్కకు ఒరిగిపోయింది. ఆకాశంలోకి పోవాల్సిన షెల్ నేలకు సమాంతరంగా 500 అడుగులు దూసుకొచ్చి జనం దగ్గర పేలింది. చూడటానికి వచ్చిన ఒక జంట గాయపడింది, భర్త బట్టలు అంటుకున్నాయి, ముఖం కాలింది, కళ్లకు పెద్ద గాయమైంది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చే సాక్ష్యం ఆ పేలుడులోనే పోయింది! కేసు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జనం మధ్య బాణసంచా కాల్చడం అసాధారణ ప్రమాదమున్న పని, నిర్లక్ష్యం నిరూపించక్కర్లేదు, ప్రదర్శన కంపెనీదే బాధ్యత అని 1991లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు కంపెనీ మీదే, నిజమే. కానీ స్థానిక సంస్థే డబ్బిచ్చి షో పెట్టిస్తే అదే వాదన మీ గుమ్మం దాకా రావడానికి ఎంతసేపు?

దూరం సంగతి కూడా ఇందులోనే ఉంది. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రాసిన 1123 ప్రమాణం ప్రకారం గొట్టం నిలువుగా పెట్టినప్పుడు షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగుల దూరంలో జనం ఉండాలి. 5 అంగుళాలకు 350 అడుగులు. పుయాలప్ షెల్ వచ్చింది 500. అంటే తాడు కట్టి జనాన్ని వెనక్కి నెట్టినంత మాత్రాన సరిపోదు, గొట్టాలు ఒరగకుండా ఎలా బిగించారో వెలుగు ఉండగానే మీ మనిషి వెళ్లి చేత్తో కదిపి చూడాలి. అలాగని దూరం అక్కర్లేదని కాదు. 2012 జూలై 4న అమెరికాలోనే శాన్ డియాగోలో కంప్యూటర్ పొరపాటుతో షో మొత్తం అర నిమిషంలోపే ఒక్కసారిగా పేలిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాల్చింది నీళ్ల మీద, జనానికి దూరంగా ఉన్న పడవల మీద నుంచి.

అనుమతి ఇవ్వకపోతే సరిపోతుందా అంటే అదీ లేదు. 2016 ఏప్రిల్ 10న కేరళలోని పుట్టింగల్ ఆలయం దగ్గర జరిగిన ప్రదర్శనకు జిల్లా యంత్రాంగం అనుమతి నిరాకరించింది. అయినా కాల్చారు, 100 మందికి పైగా చనిపోయారు. అందుకే నేను అడిగేది ఒకటే. గాలి తిరిగితే, జనం తాడు దాటి వస్తే, షో ఆపమని చెప్పే అధికారం ఆ రాత్రి ఎవరిది? ఒక్క మనిషి పేరు ఒప్పందంలో ఉండాలి. అతను ఆపమంటే ఆపాల్సిందే, డబ్బు ముందే కట్టేశాం, జనం అరుస్తున్నారు అనే మాటలు పనికిరావు.

ఇన్సూరెన్స్ కాగితం మొదటి పేజీ చూసి తృప్తి పడకండి. మీ సంస్థ పేరు అందులో ఉందా? సాయం చేసే వాలంటీర్లకు వర్తిస్తుందా? తేదీ ఏమిటి? వాన పడి షో మర్నాటికి వాయిదా వేస్తే ఆ కొత్త తేదీకి పాలసీ లేకపోవచ్చు, టెన్షన్‌లో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

చివరగా ఒకటి. ఒకసారి షో మర్నాడు తెల్లవారుజామున ఒక మైదానంలోకి వెళ్లాను. గడ్డిలో మంచుకు తడిసిన కాగితపు ఉండ ఒకటి, బత్తాయి కంటే కొంచెం పెద్దది, వత్తి సగం కాలి ఆరిపోయి ఉంది. ఇరవై అడుగుల అవతల పిల్లలు ఆడుకుంటున్నారు. పేలని షెల్ అది. రాత్రే ఒకసారి, తెల్లారాక ఇంకోసారి వెతకాలని, వెతికిన మనిషి పేరూ టైమూ రాసి సంతకం పెట్టేదాకా గేటు తాళం తీయకూడదని మీ షరతుల్లో రాయండి.