పక్షి పాదం కోసం పూసిన పువ్వు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద కూజాలో ఉన్న పువ్వును మీరంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పెళ్లి వేదికల అలంకరణలో, హోటళ్ల ముంగిట, సన్మాన సభల్లో ఇచ్చే పుష్పగుచ్ఛాల్లో తరచుగా కనిపిస్తుంది. బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ అంటారు, అంటే స్వర్గ పక్షి. శాస్త్రీయ నామం స్ట్రెలిట్జియా రెజినె. పచ్చటి ముక్కు, నారింజ రంగు తురాయి, మధ్యలో నీలి బాణం. చూడగానే ‘అచ్చం పిట్టలా ఉందే’ అనుకుంటాం. చాలామంది చూపు అక్కడే ఆగిపోతుంది. పక్షి పోలిక మన కంటికి తోచిన ముచ్చట. పువ్వుకు కావలసింది మాత్రం పక్షి పాదం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ పాదం గురించే.

ముందు పేరు సంగతి. స్వర్గ పక్షులు న్యూ గినీ అడవుల్లో ఉంటాయి. వాటి చర్మాలు ఈకలతో సహా ఐరోపాకు వ్యాపారానికి వచ్చినప్పుడు, కాళ్లు తీసేసి ఉండేవి. దాంతో అక్కడి జనం ఈ పక్షులకు కాళ్లే ఉండవనీ, నేల మీద వాలకుండా ఆకాశంలోనే బతుకుతాయనీ నమ్మారు. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వాటిలో ఒక జాతికి పెట్టిన పేరు ‘అపోడా’, పాదాలు లేనిది అని అర్థం. ఈ పువ్వు పుట్టిల్లు దక్షిణాఫ్రికా తూర్పు ప్రాంతం. అక్కడ స్వర్గ పక్షులు లేనే లేవు. పక్షి కాలి మీద ఆధారపడి బతికే పువ్వుకు, కాళ్లు లేవని పేరుపడ్డ పక్షి పేరు అంటుకుంది. దక్షిణాఫ్రికాలో దీన్ని క్రౌంచపక్షి పువ్వు అని కూడా పిలుస్తారు. నాకు ఆ పేరే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు దీన్ని చేతిలోకి తీసుకుంటాను. వెనుక వరుసలో ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి. ముక్కులా కనిపిస్తున్న ఇది ఒక దొప్ప. అరటి పువ్వు దొప్పను గుర్తు చేసుకోండి. పోలిక ఊరికే రాలేదు. అరటి, అల్లం, పసుపు, మెట్టతామర, ఈ మొక్క, అన్నీ ఒకే వృక్ష క్రమానికి చెందినవి. ఆకు చూసినా అరటి పిలకలాగే ఉంటుంది. ఈ దొప్ప లోపల నాలుగైదు పువ్వులు ఒదిగి ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తాయి. నారింజ రంగులో ఉన్న మూడూ రక్షక పత్రాలు. నీలంగా ఉన్నవి ఆకర్షణ పత్రాలు. అవి కూడా మూడే, కాని రెండు కలిసి ఈ బాణంలా తయారయ్యాయి. మూడోది చిన్నది, అడుగున తేనె మీద మూతలా కూర్చుంది.

ఈ బాణాన్ని వేలితో ఇలా నొక్కుతున్నాను. చూడండి, పైన అంచులు విచ్చుకున్నాయి, లోపలి కేసరాలు బయటపడ్డాయి. నా వేలికి తెల్లటి జిగురు పొడి అంటింది. ఇదే పుప్పొడి. సన్నని దారాలతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఒకసారి అంటుకుంటే ముద్దగా వస్తుంది. నా వేలు చేసిన పని దక్షిణాఫ్రికాలో పక్షి కాలు చేస్తుంది. ఆ పక్షి ఎవరో కాదు, కేప్ గిజిగాడు. మన పొలాల గట్ల మీద ఈతచెట్లకు గూళ్లు అల్లే గిజిగాడూ, అదీ ఒకే ప్రజాతి. తేనె కోసం వచ్చి ఈ నీలి బాణం మీద వాలుతుంది. బాణం కొసన ముందుకు పొడుచుకొని ఉన్నది కీలాగ్రం, స్త్రీ భాగం. వేరే పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడి ముందుగా దానికి అంటుతుంది. తర్వాత బరువుకు బాణం విచ్చుకొని కొత్త పుప్పొడి కాళ్లకు పూసుకుంటుంది. చిన్న ప్రాణులైన తేనెపిట్టలు కూడా వస్తాయి. అయితే అవి తరచుగా దొప్ప ముక్కు మీద కూర్చొని బాణాన్ని తాకకుండానే తేనె తాగిపోతాయి. పువ్వుకు వాటి వల్ల నష్టమే.

ఇక ఇది కుంచెల దగ్గరికి ఎలా చేరిందో చూద్దాం. లండన్ దగ్గరి క్యూ తోట మొక్కల సేకరణకు పంపిన మొదటి మనిషి ఫ్రాన్సిస్ మాసన్ 1772లో దక్షిణాఫ్రికాలోని కేప్‌లో దిగాడు. 1773లో ఈ మొక్క క్యూకు చేరింది. తోట వ్యవహారాలు చూసే జోసెఫ్ బ్యాంక్స్ దీనికి ఇంగ్లండ్ రాణి షార్లెట్ పుట్టింటి పేరు పెట్టాడు. ఆమె మెక్లెన్‌బుర్గ్-స్ట్రెలిట్జ్ వంశపు ఆడపడుచు. రెజినె అంటే రాణిది. 1790లో కర్టిస్ నడిపిన వృక్షశాస్త్ర పత్రికలో దీని బొమ్మను మడత విప్పి చూసే పెద్ద పుటగా వేశారు. ఫ్రెంచి పూల చిత్రకారుడు రెడూటే కూడా దీన్ని చిత్రించాడు, అందంగానే. కాని నా మనసు ఎప్పుడూ క్యూ తోట చిత్రకారుడు ఫ్రాంజ్ బావర్ దగ్గరే ఆగుతుంది.

బావర్ 1790లో క్యూకు వచ్చి, 1840లో చనిపోయేవరకు అక్కడే ఉన్నాడు. బ్యాంక్స్ ఇచ్చిన జీతం ఏడాదికి 300 పౌన్లు. యాభై ఏళ్లు ఒకే తోట, ఒకే పని. స్ట్రెలిట్జియాల మీద ఆయన గీసినవి రాతి అచ్చుతో ముద్రించి, చేత్తో రంగులద్ది, 1818లో ప్రచురించారు. పువ్వు మొత్తం రూపంతో ఆయన తృప్తిపడలేదు. విడదీశాడు. ఏ భాగం దేనిలో ఎలా ఇమిడి ఉందో కంటికి కట్టాడు. సూక్ష్మదర్శిని కింద పుప్పొడి రేణువులను చూసి గీసిన మనిషి ఆయన. అందుకే ఆయన బొమ్మలో పక్షి లేకపోయినా పక్షి చేసే పని అర్థమవుతుంది. గొప్ప వృక్ష చిత్రానికి నేను పెట్టుకున్న గీటురాయి అదే.

ఇంగ్లండ్ చిత్రకారిణి మేరియన్ నార్త్ దారి వేరు. ఆమె మొక్కను తెల్ల కాగితం మీదికి తీసుకురాలేదు, తానే మొక్క దగ్గరికి వెళ్లింది. 1882లో దక్షిణాఫ్రికా చేరి, నూనె రంగులతో ఈ పువ్వులను పిట్టలతో కలిపి చిత్రించింది. బావర్ గీతలోని నిశితత్వం అందులో ఉండదు. కాని గాలి ఉంటుంది, ఎండ ఉంటుంది. పక్కన పిట్టలూ ఉన్నాయి.

ఇక్కడ మన ఊరి మాట ఒకటి చెప్పాలి. ఈ పువ్వుకు పేరు పెట్టిన ఆ బ్యాంక్స్ పర్యవేక్షణలోనే 1795 నుంచి కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, మొక్కల గ్రంథం వెలువడింది. మూడు సంపుటాలు, 300 చిత్రాలు. వాటి వెనుక ఉన్నది సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, ఆయన దగ్గర పనిచేసిన భారతీయ చిత్రకారులు. రాక్స్‌బర్గ్ పేరు నిలిచింది. ఆ బొమ్మలు గీసిన చేతుల పేర్లు మనకు మిగలలేదు. బావర్ పేరు చెప్పిన ప్రతిసారీ ఆ పేరులేని మనుషులను కూడా తలచుకుంటాను. ఆకు ఈనె తిరిగే తీరు చూడడంలో వారు ఎవరికీ తీసిపోరు.

ఆ గిజిగాడి పని మనిషి చేయాలంటే ఎలా? కేప్‌టౌన్ దగ్గరి కిర్‌స్టెన్‌బోష్ తోటలో జాన్ వింటర్ అనే ఉద్యానవేత్త చేసి చూపించారు. నారింజ బదులు పసుపు రంగు పూసే అరుదైన మొక్కలను ఎంచి, 1970లలో మొదలుపెట్టి, చేత్తో పుప్పొడి అద్దుతూ దాదాపు ఇరవై ఏళ్లు పెంచారు. ఉడుతలు గింజలు తినకుండా పూలకు తీగవల తొడిగేవారు. విత్తిన గింజ పువ్వు చూపడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి అంత కాలం పట్టింది. ఆ పసుపు రకానికి 1996లో ‘మండేలాస్ గోల్డ్’ అని పేరు మార్చారు.

గింజ అంటే గుర్తొచ్చింది. నల్లటి గింజ మీద నారింజ రంగు ఉన్నిలాంటి కుచ్చు ఉంటుంది. దీనికి పెద్దక్క లాంటి నికోలై జాతి గింజ కుచ్చులో 2009లో బిలిరుబిన్‌ను కనుగొన్నారు. పచ్చకామెర్లలో మన కళ్లను పసుపు చేసే పదార్థమే అది. అంతవరకు జంతువుల్లో మాత్రమే ఉంటుందనుకున్నారు.

ఇక మాటలు చాలు. పక్క గదిలో ఒక్కో బల్ల మీద ఒక్కో పువ్వు ఉంచాం. పెన్సిల్ పట్టుకునే ముందు నీలి బాణాన్ని ఒకసారి నొక్కి చూడండి, విచ్చుకున్న అంచును ముందు గీయండి. నారింజ రంగు తర్వాత వేసుకోవచ్చు. కిటికీ పక్క బల్ల మీది దొప్పలో రెండో పువ్వు ఇంకా బయటికి రాలేదు. దాన్ని ఎవరూ లాగకండి, ఎల్లుండికల్లా అదే లేస్తుంది.