పది ఊళ్లు, ఒక డీసీఎం

సభకు నమస్కారం. ఎరువుల బస్తాలు ఎక్కించుకున్న ఒక డీసీఎం వ్యాన్ వరంగల్‌లో బయలుదేరి స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, తొర్రూరు, వర్ధన్నపేట, మహబూబాబాద్, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి, పరకాల, హుజూరాబాద్‌లలో సరుకు దించి తిరిగి రావాలి. ఏ వరుసలో వెళ్తే డీజిల్ తక్కువవుతుంది?

ఈ పది ఊళ్లను 36,28,800 వరుసల్లో చుట్టి రావచ్చు. సెకనుకు వంద కోట్ల వరుసలను పరిశీలించే కంప్యూటర్‌కు ఇది రెప్పపాటు పని కూడా కాదు. ఊళ్లు 15 అయితే దాదాపు 22 నిమిషాలు పడుతుంది. 20 అయితే అదే యంత్రానికి 77 ఏళ్లు కావాలి. కంప్యూటర్ అన్నింటినీ లెక్కపెట్టి చెబుతుందని మనం రోజూ అనుకునే మాట అక్కడే బోల్తా పడుతుంది.

అనుభవమున్న డ్రైవర్ ముందు పటం పెడితే ఒక్క వరుసనైనా లెక్కించడు. వెలుపలి ఊళ్లను కలుపుతూ వేలితో ఒక చుట్టు గీస్తాడు. ఆ వేలు తడబడేది వర్ధన్నపేట దగ్గరే, ఎందుకంటే అది చుట్టుకు లోపల, తొర్రూరు పోయే దారి మీద ఉంది. కాగితం మీది చుక్కలను కలపమన్నప్పుడు మనుషులు ఎక్కువగా బయటి అంచునే పట్టుకుని పోతారని, చుక్కలు కొద్దిగా ఉంటే అతి పొట్టి దారికి చాలా దగ్గరగా వస్తారని ప్రయోగాల్లోనూ తేలింది. చుక్కలు వందల్లోకి వెళ్తే మాత్రం మన కన్ను చాలదు.

మరి యంత్రం ఎలా గెలిచింది? 1954లో డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు గణితజ్ఞులు అమెరికాలోని 49 నగరాలకు అతి పొట్టి దారిని నిరూపణతో సహా, ప్రధానంగా చేతి లెక్కతోనే తేల్చారు. వరుసలను ఒక్కొక్కటే చూడకుండా, ‘ఇంతకన్నా తక్కువ దూరంలో ఏ దారీ ఉండదు’ అనే కింది హద్దును అసమీకరణాలతో, అంటే ‘ఇది ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు’ అనే షరతులతో, బిగించుకుంటూ పోవడం వారి పద్ధతి. 2006లో 85,900 బిందువుల సమస్యను కంప్యూటర్ పరిష్కరించింది ఆ పద్ధతిని పెంచి పోషించిన రూపంతోనే. వేగం యంత్రానిది, కిటుకు మనిషిది అని నేనంటాను.

అయితే యంత్రానికి మనం ఇచ్చినవి కిలోమీటర్లు. మేడారం జాతర వారంలో ములుగు రోడ్డు మీద కిలోమీటరుకు ఎంతసేపు పడుతుందో ఎవరైనా చెబితే తప్ప దానికి తెలియదు. నాకు తెలిసిన ఒక దుకాణంలో అలాంటి వారమే కంప్యూటర్ ములుగును సాయంత్రానికి వేసింది. డ్రైవర్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తెల్లవారుజామున మూడింటికే ముందు ములుగుకు బండి తీశాడు. మరుసటి జాతరకు యజమాని అతణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ రోడ్డుకు ఏ వేళ ఎన్ని గంటలో అడిగి అడిగి ప్రోగ్రాంలో ఎక్కించాడు.