చీమకుర్తి రాయికి ఆ బరువు ఎక్కడిది?

శీను: ఒంగోలు నుంచి మళ్ళీ మేమే. బావా, పొద్దున కర్నూలు రోడ్డులో చీమకుర్తి గ్రానైట్ లారీ వెనక ఇరుక్కుపోయా. ఘనపు మీటరు రాయి దాదాపు 3 టన్నులంట కదా, అంత బరువు అసలు ఎక్కడినుంచి వస్తుందా అని అక్కడే కూర్చుని ఒకటే ఆలోచన.

బావ: రాయి బరువంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లదే. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఇంత చిన్న కణాల్ని తూచే కొలత అది. దాని లోపలుండే క్వార్కులనే మూడు చిన్న కణాల సొంత ద్రవ్యరాశి కూడితే 9 వస్తుంది.

శీను: 900 అనబోయి 9 అన్నావా?

బావ: తొమ్మిదే శీనూ.

శీను: మరి మిగతాది ఎక్కడినుంచి ఊడిపడింది?

బావ: క్వార్కులు లోపల కుదురుగా ఉండవు, దాదాపు కాంతి వేగంతో ఉరుకుతుంటాయి, వాటిని గ్లూవాన్లనే కణాలు జిగురులా బయటికి పోనీకుండా పట్టేస్తాయి. ఆ ఉరుకులాట, ఆ పట్టు, ఆ శక్తే మనకి బరువుగా తెలుస్తుంది. 2012లో క్వార్కుల్లాంటి మూలకణాలకి సొంత ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం తాలూకు కణం, హిగ్స్ బోసాన్ దొరికితే బరువు గుట్టు మొత్తం తేలిపోయిందని టీవీల్లో ఊదరగొట్టారు చూడు, హిగ్స్ వాటా ఆ 9 దగ్గరే ఆగిపోతుంది.

శీను: సరే, శక్తే అనుకుందాం. శక్తి ఇంకోదాన్ని ఎందుకు లాగాలి?

బావ: అసలు చిక్కు అక్కడే. శక్తి ఉన్నచోట స్థలం, కాలం వంగుతాయని ఐన్‌స్టీన్ 1915లో చెప్పాడు, ఎందుకు వంగాలో చెప్పలేదు. గురుత్వాకర్షణని మోసే గ్రావిటాన్ అనే కణం ఉండాలని కొందరి లెక్క, ఇంతవరకూ అది ఎవరికీ దొరకలేదు. నాకు నచ్చింది మాత్రం 1967లో సోవియట్ శాస్త్రవేత్త సఖరోవ్ చెప్పింది. సైకిల్ ట్యూబు నొక్కితే గట్టిగా ఉంటుంది కదా, లోపల గట్టిదనం అనే పదార్థం ఏమన్నా ఉందా? గాలి కణాలు గోడకి కొట్టుకోవడమే. అట్టాగే శూన్యంలో కూడా కణాల అలజడి ఎప్పుడూ ఉంటుంది, స్థలాన్ని వంచబోతే ఆ అలజడి ఎదురు తోస్తుంది, గురుత్వాకర్షణ దాని ఫలితమే తప్ప విడిగా ఒక మూలబలం కాదంటాడు.

శీను: బాగుంది. రుజువేంది?

బావ: లేదు. గురుత్వాకర్షణ మరీ బక్కది శీనూ, కణాల స్థాయిలో దాన్ని పట్టి చూడటమే కష్టం. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ తోపుడు దానికంటే ఎంత పెద్దదంటే, 1 పక్కన 36 సున్నాలు పెట్టుకో. అయితే 2017లో రెండు బృందాలు ఒక ప్రయోగం సూచించాయి. రెండు నలుసులు, వజ్రపు రేణువుల్లాంటివి, ఒక్కోదాన్నీ ఒకేసారి రెండు చోట్ల ఉండేట్టు చేయాలి. మధ్యలో గురుత్వాకర్షణ తప్ప ఇంకే బలమూ లేకుండా వాటికి క్వాంటమ్ ముడి పడిందా, అంటే ఒకదాని స్థితి రెండోదానితో విడదీయలేనట్టు కలిసిపోయిందా, గురుత్వాకర్షణ కూడా సూక్ష్మకణాల నియమాలు పాటించే క్వాంటమ్ సరుకే అన్నమాట. అంత నలుసుని రెండు చోట్ల ఉంచడమే ఇంకా ఎవరివల్లా కాలేదు, కాస్త గాలి తగిలినా చెడిపోతుంది.

శీను: మన లారీ ఒక్కచోట ఉంటేనే రోడ్డంతా ఆగిపోయింది బావా.