కుందేళ్ల కోసం వెళ్లాడు, గొర్రెలకు పనికొచ్చాడు

పాతిక వేల పౌండ్లు! ఆస్ట్రేలియాలో పంటనీ పచ్చికనీ మేసేస్తున్న కుందేళ్ల పీడ వదిలించినవాళ్లకి ఇస్తామని 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ప్రకటించిన బహుమతి అది. పారిస్‌లో లూయీ పాశ్చర్ దాకా ఆ కబురు వెళ్లింది. ఆయన తన సహాయకుడు అడ్రియన్ ల్వార్‌ని ఓడ ఎక్కించాడు. పాతికేళ్ల కుర్రాడు. పాశ్చర్ భార్య తోబుట్టువు కొడుకు, అంటే మన లెక్కలో కొడుకు వరసే.

ముందు ఫ్రాన్స్‌లోనే ఓ ట్రయల్ వేశారు. రీమ్స్‌లో మదాం పొమ్మెరీ అనే షాంపేన్ వ్యాపారి ఆవరణలో, సీసాలు దాచే నేలమాళిగల పైన కుందేళ్లు బొరియలు తవ్వేస్తున్నాయి. ల్వార్ కోళ్ల కలరా సూక్ష్మజీవులున్న ద్రావణాన్ని పచ్చిమేత మీద చల్లి బొరియల దగ్గర పెట్టాడు. తెల్లారి చూస్తే చచ్చిన కుందేళ్లు!

1888లో సిడ్నీ రేవులోని రాడ్ ఐలాండ్‌లో ల్యాబ్ పెట్టాక మాత్రం కథ అడ్డం తిరిగింది. మేత తిన్న కుందేలు చస్తోంది సరే, దాన్నుంచి పక్కదానికి రోగం సరిగ్గా అంటడం లేదు. పైగా పక్షులకు ప్రమాదం. ప్రభుత్వం వేసిన కమిషన్ ఒప్పుకోలేదు. బహుమతి గోవిందా.

కానీ అక్కడ గొర్రెలు 'కంబర్లాండ్ జబ్బు'తో చస్తున్నాయి. అది మనవాళ్లు దొమ్మ రోగం అనే ఆంత్రాక్సేనని తేలింది. దానికి పాశ్చర్ టీకా ల్వార్ దగ్గరుంది. 1888లోనే న్యూ సౌత్ వేల్స్‌లోని జూనీ ఊళ్లో అందరి ముందూ దానికి పరీక్ష పెట్టారు. టీకా వేసిన గొర్రెలు నిలబడ్డాయి, వేయనివి దాదాపు అన్నీ పోయాయి. రైతులు టీకా కోసం ఎగబడ్డారు. అయితే ఒక చిక్కు: రెండు డోసులు. వేల గొర్రెల మందని రెండుసార్లు తోలుకురావడం ఎంత చాకిరీనో కాపరినడగండి! మందు కూడా త్వరగా పాడయ్యేది. స్థానికులు మెగార్వీ స్మిత్, గన్ ఒక్క డోసు టీకాతో ఆ మార్కెట్ పట్టేశారు. నాకైతే ఇందులో అన్యాయమేమీ కనపడదు.

అన్నట్టు, 1891లో నటి సారా బెర్నార్ సిడ్నీ వచ్చినప్పుడు ఆవిడ కుక్కల్ని క్వారంటీన్‌లో ఉంచింది కూడా ల్వార్ ల్యాబ్ ఉన్న ఈ రాడ్ ఐలాండ్‌లోనే.

తర్వాత ల్వార్ మజిలీలు: ట్యునీషియాలో పాశ్చర్ సంస్థ, ఆఫ్రికాలోని బులవాయోలో పిచ్చికుక్కల రోగం మీద పని, కెనడా, చివరికి ఫ్రాన్స్ రేవు పట్టణం ల హావ్ర్.

1938లో, పాశ్చర్ పోయిన నలభై మూడేళ్లకు, ల్వార్ తన జ్ఞాపకాల్లో ఒక గుట్టు విప్పాడు. 1881లో ఫ్రాన్స్‌లోని పుయీ-ల-ఫోర్‌లో అందరి ముందూ జరిగిన పరీక్షలో పాశ్చర్‌కి జేజేలు కొట్టించిన ఆంత్రాక్స్ టీకా, గాలి తగిలించి బలహీనపరిచిందని లోకం నమ్మింది. నిజానికి అది పాశ్చర్ సహచరుడు షాంబెర్లాన్ పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనం కలిపి చేసిన టీకా.