ఒక వైపు ఇరవై నిమిషాలు

అందరికీ నమస్కారం. ప్రోగ్రెసివ్ రాక్ గురించి మాట్లాడమని పిలిచారు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. రేడియోలో టేపులు కోసి అతికించిన మనిషిని. పాతికేళ్ల పైచిలుకు అదే పని. బ్లేడు, సుద్ద పెన్సిలు, అతికించే టేపు, మెడలో వేలాడే ముక్కలు. అందుకే ఈ ఆల్బమ్‌లు వింటుంటే పాటతో పాటు దాని కుట్టు కూడా నాకు వినిపిస్తుంది. ఇవాళ ఆ కుట్టు సంగతే ఎక్కువ చెబుతాను.

మా నాన్నగారి దగ్గర పద్యాల ప్లేట్లు ఉండేవి. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు, అంతే. స్టేజీ మీద ఒక్క పద్యానికి పది నిమిషాలు రాగం తీసి వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న నటుడు కూడా ప్లేటు దగ్గరికి వచ్చేసరికి రాగాన్ని తుంచేసుకోవాల్సి వచ్చేది. వినేటప్పుడు ఆ తొందర తెలిసిపోతుంది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు, అంటే ఎల్పీ, తెచ్చింది. నిమిషానికి ముప్ఫై మూడుంబావు చుట్ల కంటే కాస్త ఎక్కువ, ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అంత చోటు దొరికినా పాప్ పాటలవాళ్లు చాలాకాలం అందులో మూడేసి నిమిషాల పాటలే వరసగా సర్దారు.

1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొందరు కుర్రాళ్లు ఆ వైపునంతా ఒకే రచనగా చూడటం మొదలుపెట్టారు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే నాకు అర్థమైంది ఇదే. వింత తాళాలు, చర్చి ఆర్గన్లు, వేణువులు, పురాణాల్లాంటి కథలు, ఇవన్నీ ఆ చోటును నింపడానికి వచ్చి చేరినవే.

కింగ్ క్రిమ్సన్‌తో మొదలుపెడదాం. 1969 జనవరిలో లండన్‌లో రిహార్సల్స్ మొదలుపెట్టిన బృందం ఇది. జులై 5న హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు లక్షల జనం ఎదుట వాయించారు. అక్టోబర్ 10న తొలి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' విడుదలైంది. ఏడాది కూడా పట్టలేదు. మొత్తం ఐదే పాటలు. అట్ట మీద బృందం పేరు లేదు, నోరు తెరిచి అరుస్తున్న ఒక ముఖం మాత్రం ఉంటుంది. ఆ బొమ్మ వేసిన బ్యారీ గాడ్‌బర్ కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన వేసిన ఆల్బమ్ అట్ట అదొక్కటే. 1970 ఫిబ్రవరిలో, ఇరవై నాలుగేళ్ల వయసులో గుండెపోటుతో పోయాడు. ఆ ముఖాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆ ఆల్బమ్‌లో 'ఎపిటాఫ్' అనే పాట వినండి. వెనకాల వయొలిన్ల గుంపు మూలుగుతున్నట్టు ఉంటుంది. అక్కడ వయొలిన్లు లేవు. అది మెలోట్రాన్. చూడటానికి హార్మోనియంలా మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే, ముందే రికార్డు చేసిపెట్టిన ఒక్క స్వరం ఆ టేపు మీంచి పలుకుతుంది. ఆ ముక్క నిడివి దాదాపు 8 సెకన్లు. అది అయిపోతే మెట్టు మూగబోతుంది. వేలు తీస్తే స్ప్రింగు టేపును వెనక్కి లాగేస్తుంది, మళ్లీ మొదటికి. కాబట్టి వాయించేవాడు ప్రతి స్వరాన్నీ 8 సెకన్ల లోపే వదిలి ఇంకోదానికి పోవాలి. టేపు నడక కొంచెం అటూ ఇటూ అయితే శ్రుతి వణుకుతుంది. ఇయాన్ మెక్‌డొనాల్డ్ వాయించిన ఆ వణుకే పాటకు ప్రాణం. శ్రుతి నిక్కచ్చిగా ఉండి ఉంటే అంత దిగులు వచ్చేది కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. యెస్ అనే బృందం 1972లో తెచ్చిన 'క్లోజ్ టు ది ఎడ్జ్'. మొదటి వైపంతా ఒకటే పాట, పద్దెనిమిదిన్నర నిమిషాల పైన. హెర్మన్ హెస్ 'సిద్ధార్థ' నవల చదివిన ప్రభావంతో గాయకుడు జాన్ ఆండర్సన్ దీన్ని మొదలుపెట్టాడు. నది దగ్గర కూర్చుని వింటూ వింటూ ఒక మనిషి మారిపోయే కథ కదా అది. పాట మొదట్లో నీళ్ల చప్పుడు, పిట్టల కూతలు, వాటి మధ్యలోంచి ఒక్కసారిగా స్టీవ్ హౌ గిటార్ విరుచుకుపడుతుంది.

ఇంత పొడుగు పాటను వాళ్లు ఏకబిగిన వాయించి రికార్డు చేయలేదు. లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో ఒక్కో భాగం కట్టుకోవడం, టేపు మీద ఎక్కించడం, మర్నాడు తర్వాతి భాగం. చివరికి ఎడ్డీ ఆఫర్డ్ అనే ఇంజనీరు ఆ ముక్కలన్నీ కోసి అతికించాడు. మధ్యలో వచ్చే పెద్ద ఆర్గన్‌ను రిక్ వేక్‌మన్ ఒక చర్చిలో వాయించగా రికార్డు చేసి తెచ్చి కలిపారు. ఒకసారి మంచి ముక్క ఒకటి పొరపాటున చెత్తలోకి పోతే, బయట చెత్తడబ్బాల్లో వెతికి తెచ్చుకున్నారని ఆ పనిలో ఉన్నవాళ్లే చెప్పుకున్నారు.

నేను ఆ సంగతి చదివి పుస్తకం పక్కన పెట్టేశాను. ఎందుకంటే నాకూ ఒకసారి అలాగే అయింది. ఒక పెద్దావిడ పాడిన లాలిపాటలో దగ్గు వచ్చింది. ఆ దగ్గు కోసి కింద పడేసి, ముందూ వెనకా అతికించాను. తీరా వింటే దగ్గుతో పాటు పాటలో ఒక మాట కూడా పోయింది. గది అప్పటికే ఊడ్చేశారు. చెత్తలో చేయి పెట్టి, జానెడు కూడా లేని ముక్క వెతికి, చొక్కాతో తుడిచి, మళ్లీ అతికించాను. అందుకే ఆ పాటలో ఒక భాగం పోయి ఇంకో భాగం వచ్చేచోట నా వేళ్లు వాటంతటవే కదులుతాయి. అన్ని అతుకులున్నా పాట నదిలా సాగుతుంది. డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ ఆల్బమ్ విడుదల కాకముందే బయటికి వెళ్లి కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోయాడు. ఇంతకన్నా బాగా ఇక్కడ చేయగలిగింది ఇంకేం లేదనుకున్నాడు.

పింక్ ఫ్లాయిడ్ పేరు మీలో చాలామందికి తెలుసు. 1973లో వచ్చిన 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లో 'మనీ' పాట మొదట్లో నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, కొట్లో క్యాష్ మెషీన్ మోత వినిపిస్తాయి కదా. అవి తాళంలో ఉంటాయి. ఎలాగంటే, ఒక్కో చప్పుడును టేపు మీద స్కేలు పెట్టి కొలిచి, సమానంగా ఏడు ముక్కలు కోసి, ఉంగరంలా అతికించారు. టేపు సెకనుకు 15 అంగుళాలు నడిస్తే అర సెకను అంటే ఏడున్నర అంగుళాలు. ఆ లెక్క మాకు నోటికి వచ్చి ఉండేది. ఏడు దెబ్బలు, అంటే మన మిశ్రచాపు. తకిట తకధిమి అని తొడ మీద వేసుకుంటూ వినండి, సరిగ్గా కూర్చుంటుంది. డేవిడ్ గిల్మోర్ గిటార్ వచ్చేచోట నాలుగు దెబ్బల నడకలోకి మారుతుంది. అక్కడ ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

అదే ఆల్బమ్‌లో మాటల్లేని పాట ఒకటుంది. క్లేర్ టోరీ అనే అమ్మాయి ఒక సాయంత్రం వచ్చి, చావు గురించి అని చెబితే, ఆలాపనగా గొంతు విప్పి పాడి వెళ్లిపోయింది. ముట్టింది 30 పౌండ్లు. ఆ రాగమంతా ఆమె సొంతమే. 2004లో కోర్టుకు వెళ్తే 2005లో రాజీ కుదిరి, పాట కట్టినవాళ్లలో ఆమె పేరు కూడా చేరింది. ముప్ఫై రెండేళ్లు ఆలస్యంగా. ఇది చెప్పకుండా ఆ ఆల్బమ్‌ను పొగడటం నాకు సరిగా అనిపించదు.

అన్నీ గొప్పవేనని నేననను. జెత్రో టల్ అనే బృందం 1972లో 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అని ఎల్పీ రెండు వైపులా ఒకే పాట పెట్టింది. అది నిలబడింది. మరుసటేడు యెస్ వాళ్లు 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అని రెండు ఎల్పీలు తెచ్చారు. నాలుగు వైపులు, నాలుగే పాటలు. దాని మూలం మనందరి ఇళ్లల్లో కనిపించే పుస్తకమే, పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ'. అందులో శాస్త్రాల గురించి ఉన్న ఒక ఫుట్‌నోట్ చదివి ఆండర్సన్ ఇదంతా కట్టాడు. ఆలోచన పెద్దదే. కానీ ఎనభై నిమిషాలకు సరిపడా సరుకు లేదు, సాగదీశారు. వేక్‌మన్‌కే అది నచ్చలేదు, 1974లో బృందం వదిలేశాడు. చోటు ఉంది కదా అని నింపితే ఇలాగే అవుతుంది.

మనవైపుకు దారి ఒకటుంది, అది కూడా చెప్పాలి. జెనెసిస్ అనే బృందంలో పాడిన పీటర్ గేబ్రియల్ 1975లో దాన్ని వదిలి, 1989లో రియల్ వరల్డ్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి 'రామ శ్రీరామ', గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' వచ్చింది ఆ కంపెనీ నుంచే. 'డ్రీమ్' 1995 నాటిది. రాక్‌వాళ్లు స్టూడియోలో నేర్చిన పొరల మీద పొరలు వేసే విద్యంతా అందులో ఉంది. దాని మీద మన మాండొలిన్ ఎక్కడా మాట తగ్గకుండా నడుస్తుంది. శ్రీనివాస్ గారు 2014లో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయారు.

ఇప్పుడు పాట పెడతాను. 1971 నాటి 'మెడిల్' ఆల్బమ్ రెండో వైపు, పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్'. ఇరవై మూడున్నర నిమిషాలు. ఎల్పీలో వైపు పొడుగయ్యే కొద్దీ గాళ్లు దగ్గరదగ్గరగా పడాలి, మోత తగ్గుతుంది. అందుకని సౌండ్ కొంచెం పెంచి పెడుతున్నాను. ఫోన్లో విన్నవాళ్లకు మధ్యలో ప్రకటన వచ్చి ఉంటుంది, ఇక్కడ రాదు. మొట్టమొదట ఒక్క పియానో స్వరం వినిపిస్తుంది, నీటిబొట్టు పడ్డట్టు. ఆ బృందంలో కీబోర్డు వాయించే రిక్ రైట్ ఊరికే ప్రయత్నిస్తున్నప్పుడు తిరిగే స్పీకర్లోంచి వచ్చిన ధ్వని అది. తర్వాత అసలు రికార్డింగ్‌లో ఎంత ప్రయత్నించినా మళ్లీ అలా రాలేదు. అందుకని ఆ మొదటి టేపునే తెచ్చి పాటకు కలిపారు. ఆ కలిపిన చోటు ఎక్కడో నేను ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను. మీకు దొరికితే పాట అయ్యాక చెప్పండి.

బాబూ, ఆ వెనక లైట్లు ఆపేయ్. ముల్లు పెడుతున్నాను.