చెత్తబుట్టలోంచి బయటపడ్డ జన్యువు: సీడీకే1 కథ

1970లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పాల్ నర్స్ అనే కుర్ర సైంటిస్టు, ఈస్ట్ అనే ఏకకణ జీవుల్ని పెంచుతున్న ల్యాబ్ ప్లేటు ఒకటి బూజు పట్టిందని చెత్తబుట్టలో పడేసి ఇంటికెళ్లిపోయాడు. ఇంటికెళ్లాక మనసొప్పలేదు. మళ్లీ ల్యాబ్‌కొచ్చి, బుట్టలోంచి ప్లేటు తీసి, బూజులోంచి ఈస్ట్ కణాల్ని వేరుచేశాడు. ఆ ప్లేటు అక్కడే ఉండిపోయి ఉంటే, కణాన్ని విభజనలోకి తోసే సీడీకే1 జన్యువు గురించి ఈ వీడియోలో చెప్పడానికి నా దగ్గర సగం కథే మిగిలేది.

ఇంతకీ అందులో ఏముంది? ఆయన వెతుకుతున్నది పొట్టి ఈస్ట్ కణాల కోసం. మామూలుగా కణం కొంత సైజుకి పెరిగాకే రెండుగా చీలుతుంది. పొట్టిగానే చీలిపోతోందంటే తొందరపడుతోందన్నమాట, అంటే ఎక్కడో బ్రేకు పోయింది. స్కాట్లాండ్‌లో చిన్నదాన్ని ‘వీ’ అంటారు కాబట్టి ఆ జన్యువుకి ‘వీ1’ అని పేరు పెట్టేశారు. దాదాపు 50 పొట్టి రకాలు పోగేస్తే, ఒక్కటి తప్ప అన్నిట్లోనూ పాడైంది వీ1 జన్యువే. మిగిలిన ఆ ఒక్కటి చెత్తబుట్ట ప్లేటులోది. అందులో మార్పు సీడీసీ2 అనే వేరే జన్యువులో ఉంది.

ఇక్కడ కాస్త ఆగండి, అసలు మజా ఇక్కడే ఉంది. సీడీసీ2 పాడైతే కణం చీలదని అప్పటికే తెలుసు. అదొక్కటే అయితే పెద్ద విషయం కాదు, బండిలో ఏ భాగం పీకేసినా బండి ఆగుతుంది కదా. కానీ అదే భాగాన్ని ఇంకోలా తిప్పితే బండి స్పీడు పెరిగిందనుకోండి, అప్పుడది మామూలు భాగం కాదు, యాక్సిలరేటర్.

మరి ఈస్ట్ గొడవ మనకెందుకు? 1987లో మెలనీ లీ, నర్స్ కలిసి ఒక ప్రయోగం చేశారు. సీడీసీ2 పాడై చీలలేకపోతున్న ఈస్ట్‌లోకి మనిషి జన్యువుల్ని గుంపుగా ఎక్కించి, ఏదైనా బతుకుతుందేమోనని చూశారు. బతికింది! మనకీ ఈస్ట్‌కీ దారులు వేరై వంద కోట్ల ఏళ్లు దాటింది, అయినా మన జన్యువు దాని పని చేసిపెట్టింది. ఇప్పుడు మనం సీడీకే1 అంటున్నది ఆ మనిషి జన్యువునే, ఇది పదో క్రోమోజోమ్ మీద ఉంటుంది.

[స్క్రీన్ మీద: చీలబోతున్న కణం]

ఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ చిన్నదే, 297 అమైనో ఆమ్లాలు. అది చేసే పని కూడా వినడానికి చాలా సాదాగా ఉంటుంది: కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ అనే చిన్న ముక్క ఒకటి తీసి ఇంకో ప్రోటీన్‌కి తగిలిస్తుంది, అంతే. కానీ ఎవరికి తగిలిస్తోందో చూడండి. కేంద్రకం పొరకి లోపలివైపు లామిన్ అనే ప్రోటీన్లు వలలా అల్లుకుని ఉంటాయి. వాటికి ఫాస్ఫేట్ తగలగానే అల్లిక విడిపోయి, పొర కుప్పకూలుతుంది. డీఎన్ఏని చుట్టచుట్టే ప్రోటీన్లకి తగిలిస్తే, మీటర్ల పొడవున్న దారం దగ్గరకి ముడుచుకుని, మైక్రోస్కోప్‌లో మనం చూసే పొట్టి లావు క్రోమోజోములు అవుతాయి.

ఇలాంటి ఎంజైమ్ ఎప్పుడు పడితే అప్పుడు పనిచేస్తే కొంప మునుగుతుంది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు దీనికి పని చేసే శక్తి లేదు, సైక్లిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి అతుక్కోవాలి. 1982లో టిమ్ హంట్ అనే సైంటిస్టు సముద్రపు అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవి) గుడ్లలో గమనించింది దీన్నే: ఒక ప్రోటీన్ మెల్లగా పేరుకుంటోంది, గుడ్డు చీలే సమయానికి మాయమైపోతోంది, మళ్లీ పేరుకుంటోంది. ఈస్ట్‌లో ఇలాంటి జన్యువుల వేట మొదలుపెట్టిన లీలాండ్ హార్ట్‌వెల్‌తో కలిపి, హంట్‌కీ నర్స్‌కీ 2001లో నోబెల్ వచ్చింది.

సైక్లిన్ వచ్చినా పని వెంటనే మొదలవదు. మొదట్లో చెప్పుకున్న బ్రేకు వీ1 ఊరుకోదు, వచ్చి సీడీకే1 మీదే ఒక ఫాస్ఫేట్ పెట్టి తాళం వేస్తుంది. సీడీసీ25 అనే ఎంజైమ్ ఆ తాళం తీయాలి. డీఎన్ఏకి దెబ్బ తగిలి ఉంటే సీడీసీ25ని కణం రానివ్వదు, ముందు రిపేరు కానిమ్మంటుంది. అంతా సవ్యంగా ఉంటే కొన్ని తాళాలు ఊడతాయి, ఊడిన సీడీకే1 వెళ్లి సీడీసీ25ని ఇంకా ఎగదోస్తుంది, వీ1 నోరు మూయిస్తుంది, దాంతో మిగతా తాళాలన్నీ టపటపా ఊడిపోతాయి. కణం సగం చీలి సగం ఆలోచించుకోకుండా ఒక్కసారిగా విభజనలోకి దూకేది ఇందుకే (నాకైతే మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇది). చివర్లో కూర్చున్న కొమ్మని తనే నరుక్కున్నట్టు, సైక్లిన్‌ని ముక్కలు చేసే యంత్రాన్ని లేపేది కూడా సీడీకే1యే. సైక్లిన్ పోతుంది, ఎంజైమ్ చల్లబడుతుంది, రెండు కణాలు మిగులుతాయి.

క్యాన్సర్ అంటే అదుపు తప్పిన విభజనే కదా, మరి దీన్ని ఆపే మందు ఇచ్చేయొచ్చుగా అని మీకు అనిపించి ఉండాలి. చిక్కేంటంటే మన మంచి కణాలకీ సీడీకే1కి బదులు ఇంకోటి లేదు. అందుకే 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన రొమ్ము క్యాన్సర్ మందు పాల్బోసిక్లిబ్ దీని జోలికి పోకుండా, దీని చుట్టాలు సీడీకే4, సీడీకే6లని ఆపుతుంది. ఇంకో దారి పూర్తిగా తిరగేసిన దారి: వీ1ని ఆపే మందులు. డీఎన్ఏ నిండా దెబ్బలున్న క్యాన్సర్ కణానికి తాళం తీసేస్తే, రిపేరు అవకుండానే విభజనలోకి దూకి అక్కడే చచ్చిపోతుంది. ఎడిన్‌బరోలో ఆ పొట్టి ఈస్ట్ పడిన తొందరే ఇప్పుడు క్యాన్సర్ కణానికి కావాలని పట్టిస్తున్నారన్నమాట, ఈ మందుల్ని మనుషుల మీద ట్రయల్స్‌లో పరీక్షించారు కూడా.