డిస్క్ బిజీ అంటే ఏం చేయాలి? ఫ్యూజర్, ఎల్‌ఎస్‌ఓఎఫ్, లేజీ అన్‌మౌంట్ రివ్యూ

అందరికీ నమస్తే, హైదరాబాద్ నుంచి ఈ రివ్యూ. అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తీద్దామని యుమౌంట్ (డిస్క్‌ని సిస్టమ్ నుంచి విడదీసే కమాండ్) కొడితే "టార్గెట్ ఈజ్ బిజీ" అని వస్తుంది. అన్నీ మూసేశాం కదా అని టెన్షన్. ఎవరినైనా అడిగితే యుమౌంట్‌కి హైఫన్ ఎల్ పెట్టెయ్, పోతుంది అంటారు. అదే లేజీ అన్‌మౌంట్. దయచేసి అలా చేయకండి.

ముందు సుడో ఫ్యూజర్ హైఫన్ వీఎమ్, పక్కన మౌంట్ పాయింట్, అంటే డిస్క్ తెరుచుకునే ఫోల్డర్. ఆ డిస్క్‌ని ఎవరు వాడుతున్నారో ఇది చూపిస్తుంది. స్క్రీన్ మీద చూడండి. కెర్నల్ లైన్ వదిలేయండి, అది మౌంట్ గురించే. దాని కింద బాష్, యాక్సెస్ కాలమ్‌లో చిన్న సీ. అంటే ఒక టెర్మినల్ ఆ డిస్క్ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. ఫైలేదీ తెరవక్కర్లేదు, లోపలికి సీడీ చేసి వదిలేసినా చాలు. సీడీ కొట్టి బయటికి రండి, అయిపోయింది. ఆ కింద సీపీ, అంటే కాపీ కమాండ్, పక్కన పెద్ద ఎఫ్. ఫైల్ రాస్తోంది. కాపీ పూర్తయ్యేదాకా ఆగాల్సిందే.

ఏ ఫైలో పేరుతో సహా కావాలంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ బాగుంటుంది, అది తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా ఇచ్చే కమాండ్. రెండూ ఏమీ చూపించకపోతే, ఆ డిస్క్ మీద స్వాప్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా వాడే ఫైల్), లూప్ డివైస్ (డిస్క్‌లా వాడే ఫైల్), లోపల ఇంకో మౌంట్ ఉన్నాయేమో చూడండి.

ఫ్యూజర్‌లో నాకు భయం వేసేది, వీఎమ్‌తో పాటు "కే" అక్షరం కలపడం. అది నేరుగా సిగ్‌కిల్, అంటే ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే ఆపేసే సిగ్నల్, పంపుతుంది, ప్రోగ్రామ్‌కి సేవ్ చేసుకునే అవకాశం కూడా ఉండదు. పైగా ఆ ఫోల్డర్ మీద డిస్క్ మౌంట్ అయి లేకపోతే, ఆ ఫోల్డర్ ఉన్న ఫైల్‌సిస్టమ్ వాడే ప్రాసెస్‌లన్నిటినీ చంపుతుంది. అది రూట్, అంటే సిస్టమ్ నడిచే ప్రధాన ఫైల్‌సిస్టమ్ అయితే సిస్టమ్ మొత్తం పోయినట్టే. వాడక తప్పకపోతే పెద్ద ఎమ్ కూడా కలపండి, మౌంట్ పాయింట్ కాకపోతే ఆగిపోతుంది.

ఇక లేజీ. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, ఎర్రర్ రాదు, కానీ ఫైల్ తెరిచిన ప్రోగ్రామ్ డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. ఆఖరి ఫైల్ మూసినప్పుడే అసలు అన్‌మౌంట్ జరుగుతుంది. ఈలోగా కేబుల్ పీకారో, డేటా పోయినట్టే. సర్వర్ అందని ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌కి (నెట్‌వర్క్ మీద వాడే ఫోల్డర్‌కి) లేజీ సరే, మీ పెళ్ళి వీడియోలున్న డిస్క్‌కి వద్దు.

నా ఓటు ఫ్యూజర్ హైఫన్ వీఎమ్‌కే. అన్నీ మూశాక మామూలు యుమౌంట్ కొట్టండి. ప్రాంప్ట్ వెంటనే రాకపోతే కంగారు పడి కేబుల్ తీయకండి. మెమరీలో మిగిలిన డేటాని డిస్క్‌కి రాస్తోంది. ప్రాంప్ట్ వచ్చాక తీయండి.